ఒక రోజు విహారానికి చోటు, వెంట ఒక పుస్తకం: సలహా చెప్పండి

వశిష్ఠ గట్టు

అందరికీ వందనాలు. మాది నర్సాపురం దగ్గర ఒక పల్లె. మా సంఘంలో యవ్వనస్థుల గుంపు ఉంది. పేరుకే యవ్వనస్థులు, ఇంటర్ చదివే పిల్లల నుంచి చంకలో బిడ్డ ఉన్నవాళ్ల దాకా అందరూ ఉంటారు. క్రిస్మస్ హడావిడి మొదలయ్యేలోపు ఒక రోజు ఎక్కడికైనా వెళ్లి రావాలనుకుంటున్నాం. పొద్దున బయలుదేరితే చీకటి పడేసరికి ఇల్లు చేరాలి.

ఆ రోజే అందరం కూర్చుని ఒక క్రైస్తవ పుస్తకంలో కొంత భాగం చదివి మాట్లాడుకోవాలన్నది రెండో ఆలోచన. పోయిన ఏడాది రిక్ వారెన్ ‘పర్పస్ డ్రివెన్ లైఫ్’ మొదలుపెట్టాం. రోజుకో అధ్యాయం, 40 రోజులు. మొదటి వారం దాటేసరికే సగం మంది తప్పుకున్నారు. ఈసారి తనంతట తానే చదివించుకునే పుస్తకం కావాలి.

చోటు విషయంలో మాలో రెండు పక్షాలు. దిండి హౌస్‌బోటు పక్షం ఒకటి, పేరుపాలెం బీచి పక్షం ఒకటి. పుస్తకం విషయంలో ఎంతమంది ఉన్నారో అన్ని పక్షాలు. దయచేసి ‘ఏదైనా బాగానే ఉంటుంది’ అనకండి. ఆ మాట ఇక్కడ చాలామంది అనేశారు.

కడియం మొక్క

డిసెంబరు అంటున్నారు కాబట్టి నా ఓటు కడియానికి. నేను ఇక్కడే నర్సరీలో పనిచేస్తాను. నా మాటలో పక్షపాతం ఉందంటే ఉంది. చలికాలంలో బంతి, చామంతి, డాలియా వరుసలు కడితే చూడటానికి రెండు కళ్లు చాలవు. అదే వేసవిలో వస్తే మీకు కనిపించేవి షేడ్‌నెట్టు కింద ఆకులు మాత్రమే.

అయితే కడియపులంక రోడ్డు పక్కన పెద్ద నర్సరీల ముందు ఫొటోలు దిగి వెళ్లిపోయేటట్టయితే అసలు రాకండి. లోపలి దారుల్లోకి నడవండి. గులాబీకి కన్ను అంటు కట్టేవాళ్లు గోనెసంచి పరుచుకుని కూర్చుని ఉంటారు. నాటు గులాబీ కొమ్మ మీద ముల్లు గీరేసి, బెరడును చాకు మొనతో అడ్డంగా ఒక గాటు, నిలువుగా ఒక గాటు పెట్టి, రెండు అంచులూ కాస్త పైకి లేపుతారు. మంచి రకం కొమ్మ నుంచి తీసిన కన్నును అందులోకి జారవిడిచి, కన్ను మాత్రం బయటికి కనబడేలా రిబ్బను చుడతారు. చేయి తిరిగినవాళ్లు మీతో కబుర్లు చెబుతూనే ఇదంతా కానిచ్చేస్తారు. పది నిమిషాలు అక్కడ నిలబడి చూశాక రోమా పత్రిక 11వ అధ్యాయం తెరవండి. పౌలు అడవి ఒలీవ కొమ్మను మంచి చెట్టుకు అంటుకట్టడం గురించి రాశాడు. మేము చేసేది దానికి తలకిందులు: మొండి వేరు మీద మంచి కన్ను. పౌలు కూడా అది ప్రకృతికి విరుద్ధమని అక్కడే ఒప్పుకున్నాడు. మా నర్సరీలో ఈ మాట చెబితే అంటు కట్టే పెద్దాయన పడిపడి నవ్వాడు. ‘అయితే ఆయన పని తెలిసే రాశాడన్నమాట’ అన్నాడు.

ఇంకో కారణం కూడా ఉంది. బైబిలు మిషను స్థాపించిన దేవదాసు అయ్యగారి ఊరు జేగురుపాడు మా మండలమే. 1938లో లూథరన్ సంఘం నుంచి బయటికి వచ్చి మిషను మొదలుపెట్టారు. జనవరిలో కాకాని సభలకు బస్సులు కట్టుకుని వెళ్లేవాళ్లు చాలామంది పక్కనే ఉన్న ఈ ఊరి వైపు చూడరు. ఆయన ప్రసంగాల పుస్తకం ఏదో ఒకటి తీసుకురండి.

ముక్కుసూటి

చోటు ఏదైనా సరే, నావి రెండు విన్నపాలు.

ఒకటి: విహారం అని పిలిచి, బస్సులో మైకు పెట్టి, దిగాక షామియానా వేసి మూడు గంటలు ప్రసంగం వినిపించకండి. నాకు జరిగింది. సముద్రం వీపు వెనక ఉంది, మేము మాత్రం పాస్టరుగారి వైపు తిరిగి కూర్చున్నాం. సాయంత్రం లేచేసరికి ఆటు వచ్చి నీళ్లు ఎక్కడికో వెళ్లిపోయాయి.

రెండు: పరలోకం చూసి వచ్చాం, నరకం చూసి వచ్చాం అనే పుస్తకాలు దయచేసి వద్దు. సభల్లో పుస్తకాల బల్ల దగ్గర ముందు అయిపోయేవి అవే. ‘ద బాయ్ హూ కేమ్ బ్యాక్ ఫ్రమ్ హెవెన్’ అని 2010లో ఒకటి వచ్చింది. కారు ప్రమాదంలో పడి పరలోకానికి వెళ్లి వచ్చిన పిల్లవాడి కథ అన్నారు. విపరీతంగా అమ్ముడుపోయింది. 2015లో ఆ అబ్బాయే ముందుకు వచ్చి, అదంతా కల్పన, అందరూ పట్టించుకుంటారని చెప్పాను, బైబిలు చదువుకోండి అన్నాడు. ప్రచురణకర్తలు పుస్తకాన్ని వెనక్కి తీసుకున్నారు. మన దగ్గర ఇలాంటి సాక్ష్యాలకు వెనక్కి తీసుకోవడం అనేదే లేదు.

కోనసీమ కోడలు

ముక్కుసూటి గారూ, మీ రెండో విన్నపం సరే, మొదటిదానికి చప్పట్లు.

నేను ‘ఎడారిలో సెలయేర్లు’ అంటాను. నవ్వకండి. ఇంటి ముందు కాలువ, వెనక కొబ్బరితోట, వానాకాలం వస్తే గుమ్మం దాకా గోదావరి. ఇలాంటి చోట ఆ పేరున్న పుస్తకం లేని క్రైస్తవ ఇల్లు నాకు ఇంతవరకూ కనబడలేదు. మా అత్తగారు పొద్దున కాఫీ కంటే ముందు ఆ రోజు పేజీ చదువుతారు. ఆవిడ ప్రతిలో అంచుల నిండా పెన్సిలు రాతలు. చిన్న కొడుకుకు జ్వరం వచ్చిన రోజు, బోరు పడిన రోజు, తుపానుకు కొబ్బరిచెట్లు కూలిన రోజు అన్నీ అందులోనే ఉన్నాయి. మా ఇంటి చరిత్ర కావాలంటే ఆ పుస్తకమే దిక్కు.

ఆ పుస్తకం ఎలా పుట్టిందో తెలిస్తే ఇంకా ఇష్టం కలుగుతుంది. శ్రీమతి కౌమన్, ఆమె భర్త చార్లెస్ జపానులో మిషనరీలుగా పనిచేశారు. ఆయన గుండె జబ్బుతో మంచం పట్టారు. ఆయనను చూసుకుంటూ గడిపిన ఏళ్లలో తనకు ఆసరాగా నిలిచిన వాక్యాలు, పద్యాలు, ప్రసంగాల ముక్కలు ఎక్కడెక్కడివో ఏరి పెట్టుకున్నారు. 1924లో ఆయన పోయారు, 1925లో పుస్తకం వచ్చింది. అంటే సుఖంగా కూర్చుని రాసినది కాదు, రోగి మంచం పక్కన పోగైనది. ఒక్కో రోజుకు ఒక్కో పేజీ కాబట్టి మీ గుంపులో ఎవరి పుట్టినరోజు పేజీ వాళ్లు చదివితే గంట ఇట్టే గడిచిపోతుంది.

చోటు మాత్రం పి.గన్నవరం. పాత అక్విడెక్టు చూడండి. కింద వైనతేయ, దాని నెత్తి మీద కాలువ. 49 కమానుల మీద నీళ్లు నదిని దాటి నగరం లంకకు వెళ్లేవి. ఇప్పుడు పక్కనే కొత్తది కట్టారు, కానీ పాతది ఇంకా నిలబడే ఉంది. పిల్లలకు వివరించి చెప్పాల్సిన పని లేదు. నది మీద కాలువ పారడం చూడగానే నోళ్లు తెరుస్తారు. వెళ్లేది డిసెంబరులో కాబట్టి ఇబ్బంది లేదు. వేసవిలో అయితే కాలువలు కట్టేస్తారు. అప్పుడు చూడటానికి బురద, ఇరుక్కుపోయిన గుర్రపుడెక్క మిగులుతాయి.

మడ అడవి

అందరూ కొబ్బరిచెట్ల దగ్గరే ఆగిపోతున్నారు. కాకినాడ వైపు రండి. కోరంగిలో మడ అడవుల మధ్య చెక్కల వంతెన మీద నడవడానికి మించిన విహారం మన డెల్టాలో లేదని నా అభిప్రాయం. బురదలోంచి పెన్సిళ్లు గుచ్చినట్టు పైకి లేచి నిలబడిన వేళ్లు చూడండి. అవి తెల్లమడ, నల్లమడ చెట్ల ఊపిరి వేళ్లు. ఉప్పు బురదలో గాలి ఆడదు కాబట్టి చెట్టు వేళ్లను పైకి పంపి ఊపిరి పీల్చుకుంటుంది. పడవ ఎక్కాలంటే పోటు ఉండాలి. పాటు వేళ వెళితే బోటువాళ్లే ఆగమంటారు, అందుకని ముందు కనుక్కుని వెళ్లండి. ఆ ఊరి పాత రేవు 1839 తుపానులో కొట్టుకుపోయింది. అంతకు ముందు అక్కడ ఓడలు కట్టేవారంటే ఇప్పుడు ఎవరూ నమ్మరు.

పుస్తకం: సి.ఎస్.లూయిస్ ‘స్క్రూటేప్ లెటర్స్’. 1942. పెద్ద దయ్యం తన మేనల్లుడైన చిన్న దయ్యానికి రాసే 31 ఉత్తరాలు. మనిషిని ఎలా పడగొట్టాలో నేర్పిస్తుంటాడు. ఉపదేశాలు విని విని విసిగినవాళ్లకు ఇదొక మందు. ఒక ఉత్తరంలో మామ చెప్పే ఉపాయం ఏమిటంటే, కొత్తగా చర్చికి వచ్చినవాడి దృష్టిని పక్క బెంచీల్లో కూర్చున్నవాళ్ల మీదికి మళ్లించు: ఒకడి గొంతు బాగుండదు, ఇంకొకడి చెప్పులు కిర్రుమంటాయి, మరొకడి బట్టలు వింతగా ఉంటాయి, ఇక వాడి భక్తి సగం చల్లారినట్టే అని. అది చదివిన తర్వాతి ఆదివారం నేను చుట్టూ చూడటానికి సిగ్గుపడ్డాను.

ముక్కుసూటి

ఇది బాగుంది. కానీ ఇంటర్ పిల్లలకు అందుతుందా? అందులో దేవుడిని ‘శత్రువు’ అంటారు. సగం మంది తికమకపడతారు.

మడ అడవి

తికమకపడితేనే గదా మాట్లాడుకునేది. అర్థమైపోయిన పుస్తకం గురించి ఎవరు మాట్లాడతారు?

లైబ్రరీ తాతయ్య

ఆలస్యంగా చేరాను, క్షమించాలి. రాజమండ్రిలో ఉంటాను. ఉద్యోగం ముగిసింది, గ్రంథాలయం ముగియలేదు.

వశిష్ఠ గట్టు గారూ, మీది నర్సాపురం వైపు అన్నారు. మీ సంఘంలో జార్జి ముల్లర్ జీవిత చరిత్ర చదవనివారు తక్కువే ఉంటారు. బ్రిస్టల్‌లో అనాథశాలలు నడిపి, ఎవరినీ చేయిచాచి అడగకుండా పదివేల మందికి పైగా పిల్లలను పెంచిన మనిషి. ఆయన భార్య మేరీ అన్నగారు ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్. పళ్ల వైద్యం వదులుకుని బాగ్దాదుకు, తర్వాత మన దేశానికి వచ్చారు. ఇంగ్లండు వెళ్లి తిరిగి వస్తూ 1836లో బౌడెన్, బీర్ అనే ఇద్దరిని కుటుంబాలతో వెంటబెట్టుకొచ్చారు. ఆ ఇద్దరూ స్థిరపడింది మీ నర్సాపురంలోనే. గోదావరి డెల్టా మిషను వాళ్లతోనే మొదలైంది. మీరు ముల్లర్ పుస్తకాన్ని ఎక్కడో బ్రిస్టల్ కథలా చదువుతున్నారు, ఆ కథ కొస మీ వీధిలో ఉంది.

కాబట్టి విహారానికి దూరం పోనక్కర్లేదని నా మనవి. ముల్లర్ పుస్తకం పట్టుకుని సొంత ఊళ్లోనే నడవండి. నర్సాపురం లేసు ఉంది కదా, 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ అల్లిక మన ఆడవాళ్ల చేతికి వచ్చింది మిషనరీల ద్వారానే. ఇంట్లో ఇంకా కొక్కెం సూదితో అల్లే ముసలమ్మ ఎవరైనా ఉంటే అరగంట ఆవిడ దగ్గర కూర్చోండి. వేలికి దారం చుట్టుకుని, సూది వైపు చూడకుండానే అల్లుతారు. రోజంతా అల్లితే కూలి ఎంత ముడుతుందో కూడా అడగండి. మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు 1982లో ఆ కూలి మీదే ఒక పుస్తకం రాసింది. భక్తి పుస్తకం కాదు గానీ యాకోబు పత్రిక 5వ అధ్యాయం పక్కన పెట్టి చదవదగ్గది.

ఒకవేళ రాజమండ్రి వైపు వస్తే ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం చూపిస్తాను. ముక్కుసూటి గారికి అక్కడ చెప్పాల్సిన కథ ఒకటి ఉంది.

ముక్కుసూటి

తాతయ్యగారూ, ఊరించకండి. ఇక్కడే చెప్పండి.

లైబ్రరీ తాతయ్య

సరే వినండి. డార్విన్ చనిపోయేముందు తన సిద్ధాంతం గురించి పశ్చాత్తాపపడి బైబిలు చదివాడనే కథ మీరు ఏదో ఒక ప్రసంగంలో వినే ఉంటారు.

ఆ కథ చెప్పింది లేడీ హోప్. 1915లో అమెరికాలో ఒక బాప్టిస్టు పత్రికలో అచ్చయింది. అప్పటికి డార్విన్ పోయి 33 ఏళ్లు. ఆయన కుమార్తె హెన్రియెట్టా 1922లో దాన్ని ఖండించింది: నేను నాన్నగారి మరణశయ్య పక్కనే ఉన్నాను, ఆవిడ అప్పుడు అక్కడ లేనే లేదు, ఆయన తన సిద్ధాంతాలను వెనక్కి తీసుకోనూ లేదు అని. అయినా ఆ కథ నేటికీ కరపత్రాల్లో తిరుగుతూనే ఉంది.

ఇంతకీ ఆ లేడీ హోప్ ఎవరు? ఎలిజబెత్ కాటన్. మన కాటన్ దొర కూతురు. తండ్రి జీవిత చరిత్ర రాసింది కూడా ఆవిడే, 1900లో వచ్చింది. 1852 నాటికి ఆనకట్ట పూర్తిచేసి ఈ నేలకు అన్నం పెట్టిన తండ్రి గురించి ఆవిడ రాసిన పుస్తకం పని చేసే చరిత్రకారులకు తప్ప ఎవరికీ గుర్తులేదు. డార్విన్ గురించి చెప్పిన కథ మాత్రం ప్రపంచమంతా తిరిగింది.

కోనసీమ కోడలు

తాతయ్యగారూ! మా పాస్టరుగారు పోయిన నెలే ఆ డార్విన్ కథ చెప్పారు. ఇప్పుడు నేను వెళ్లి కాటన్ దొర కూతురి మాట ఎత్తితే ఏమవుతుందో ఊహించుకుంటున్నాను.

ముక్కుసూటి

చెప్పండి. తర్వాత ఏమైందో ఇక్కడ రాయండి.

యానాం బస్సు

ఇక్కడ అందరూ ప్రొటెస్టెంటులే ఉన్నట్టున్నారు, ఒక కతోలికుడికి చోటు ఇవ్వండి. యానాం రండి. 1954 దాకా ఫ్రెంచివాళ్ల చేతిలో ఉన్న ఊరు. మా పునీత అన్నమ్మ గుడి పాతకాలపుది. లోపల కాసేపు కూర్చుంటే బయట ఎండ ఉందన్న సంగతే మరిచిపోతారు. తర్వాత గౌతమి ఒడ్డున నడవండి. సాయంత్రం దాకా ఉంటే దీపాలు బాగుంటాయి. పక్కనే మడ అడవి గారి కోరంగి, అదే రోజు రెండూ చూసేయవచ్చు.

పుస్తకం అంటే మాకు థామస్ అ కెంపిస్ ‘ఇమిటేషన్ ఆఫ్ క్రైస్ట్’. 15వ శతాబ్దపు సన్యాసి రాసినది. చిన్న చిన్న అధ్యాయాలు, ఎక్కడ తెరిచినా చదువుకోవచ్చు. కథ ఉండదు. కుర్రవాళ్లు ఆవలిస్తారు. అయినా చదవాలి అంటాను, ఎందుకంటే ఇప్పటి పుస్తకాలన్నీ నీకు ఇది వస్తుంది, అది వస్తుంది అని ఆశపెడతాయి. ఆయన మాత్రం నీ పేరు ఎవరికీ తెలియకపోయినా ఉండటం నేర్చుకో అంటాడు.

గౌతమి లాంచీ

నేను చర్చికి వెళ్లేవాణ్ణి కాను, సెలవుల్లో ఊళ్లు తిరగడం అలవాటు కాబట్టి ఇక్కడ చదువుతున్నాను. ఒక్క అనుమానం. ఇంతసేపటి నుంచి జపాను మిషనరీ భార్య, బ్రిస్టల్ పెద్దమనిషి, లండను దయ్యం, జర్మనీ సన్యాసి అందరూ వచ్చారు. జాషువా ఏరి?

‘క్రీస్తు చరిత్ర’కు 1964లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. నేను చదివింది పద్యం కోసం, భక్తి కోసం కాదు. బేత్లెహేము ఎండా, గాలీ తెలుగు ఛందస్సులో ఎలా ఇమిడిపోతాయో అందులో చూడాలి. అన్నట్టు, ఆయన వినుకొండ మనిషే అయినా కుర్రతనంలో మీ రాజమండ్రిలో మూకీ సినిమాలకు కథ చెప్పే ఉద్యోగం చేశారు. తెర మీద బొమ్మ కదులుతుంటే పక్కన నిలబడి సంభాషణలు, కథ చదవడమే పని. అంతటి గొంతు ఉన్న మనిషి పద్యాన్ని మీరు సణుగుతూ చదవకూడదు, నది ఒడ్డున నిలబడి పైకి చదవాలి.

కడియం మొక్క

అన్నా, నిజం చెబుతున్నాను, పద్యం అంటే మా పిల్లలు పారిపోతారు.

గౌతమి లాంచీ

ఆదివారం ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు పాడుతున్నారు కదా తమ్ముడూ. అవి ఏ భాష? అవి నోటికి వచ్చినవాళ్లకు జాషువా కష్టం కాడు. చదివేవాళ్లు లేరంతే.

లైబ్రరీ తాతయ్య

నేను చదువుతాను. బస్సు ఛార్జీలు నావే.

యానాం బస్సు

మాటలో మాట, థామస్ అ కెంపిస్ బతుకంతా గడిచిన మఠం హాలండులో. ‘జర్మనీ సన్యాసి’ అన్నది పుట్టిన ఊరి లెక్కన చెల్లుతుంది లెండి.

బందరు కాలువ

ఎవరూ కొర్రీ టెన్ బూమ్ పేరు ఎత్తలేదేమిటి? ‘ద హైడింగ్ ప్లేస్’, 1971. హాలండులో గడియారాలు బాగుచేసే కుటుంబం. యుద్ధకాలంలో యూదులను ఇంట్లో దాచి నాజీలకు చిక్కారు. కొర్రీ, అక్క బెట్సీ రావెన్స్‌బ్రూక్ క్యాంపుకు వెళ్లారు. బెట్సీ అక్కడే పోయింది. మా ఇంట్లో ముగ్గురు చదివారు, ముగ్గురూ రాత్రి పూర్తిచేయకుండా పడుకోలేదు. మీరడిగిన ‘తనంతట తానే చదివించుకునే పుస్తకం’ ఇదే.

అందులో పురుగుల సంగతి ఉంది. వాళ్లుండే షెడ్డు నిండా రక్తం పీల్చే పురుగులు. అన్నిటికీ కృతజ్ఞత చెప్పాలని వాక్యంలో ఉంది కాబట్టి ఈ పురుగులకు కూడా చెబుదాం అంటుంది బెట్సీ. కొర్రీకి ఒళ్లు మండుతుంది. తర్వాత తెలుస్తుంది, ఆ పురుగులకు జడిసే కాపలావాళ్లు లోపలికి అడుగుపెట్టడం లేదని, అందుకే వాళ్లు ధైర్యంగా బైబిలు చదువుకోగలిగారని. కోరంగి వెళితే ఆ అధ్యాయమే చదవండి. అక్కడి దోమలకు మీరు కృతజ్ఞత చెప్పగలరో లేదో చూద్దాం.

మడ అడవి

చెక్కల వంతెన మీద పొద్దున పూట దోమలుండవు. సాయంత్రం ఉంటాయి. ఉంటాయి అంటే… సరే, బెట్సీ అధ్యాయానికి నా ఓటు.

వశిష్ఠ గట్టు

ఇంత మంది స్పందిస్తారనుకోలేదు. అన్నీ మా గుంపులో చదివి వినిపించాను. ముల్లర్‌కూ నర్సాపురానికీ ఉన్న బంధం మాలో ఒక్కరికీ తెలియదు. మా అమ్మమ్మ లేసు అల్లేది, ఆవిడ కూలి గురించి ఇంట్లో ఎప్పుడూ మాట రాలేదు. అది వేరే రోజుకు ఉంచుకున్నాం, ఊళ్లోనే కాబట్టి ఏ ఆదివారమైనా కుదురుతుంది.

కానీ బస్సెక్కాలని ఉంది పిల్లలకు. మధ్యేమార్గంగా ఒకటి అనుకున్నాం. నర్సాపురం రేవులో పంటు ఎక్కి సఖినేటిపల్లి దిగడం, అక్కడి నుంచి అంతర్వేది, వశిష్ఠ సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ల గట్టు, లైట్‌హౌసు. మధ్యాహ్నం భోజనం దిండిలో. తిరుగు ప్రయాణం చించినాడ వంతెన మీదుగా పాలకొల్లు. పుస్తకం మాత్రం ఇంకా తేలలేదు.

బందరు కాలువ

పేరుపాలెం పక్షం ఒప్పుకుందా?

వశిష్ఠ గట్టు

ఆదివారం అక్కడ జనం, అలల లాగుడు రెండూ ఎక్కువేనని పెద్దవాళ్లు అడ్డుపడ్డారు. వేరే రోజు వేళాంగణి మాత గుడి చూపించి తీసుకొస్తామని సర్ది చెప్పాం.

కోనసీమ కోడలు

మంచి దారి. బస్సును మాత్రం పంటు దగ్గరికి తేకండి, ఖాళీగా చించినాడ మీదుగా అవతలికి పంపించండి. పంటు మీద మనుషులు, బండ్లు, కార్లు, కోళ్లు అన్నీ ఎక్కుతాయి. అందరూ ఒక పక్కకే చేరి ఫొటోలు తీయకుండా చూసుకోండి. దిండిలో భోజనం ముందే చెప్పకపోతే దొరకదు. పడవ ఎక్కే ప్రతివాళ్లకూ లైఫ్ జాకెట్టు ఉందో లేదో ఎక్కకముందే లెక్క చూడండి.

ఇక పుస్తకం. పంటు అంటున్నారు కాబట్టి నాకు తోచింది చెబుతాను. బన్యన్ ‘యాత్రికుని ప్రయాణము’. ఇంత పాత పుస్తకాన్ని ఇక్కడ ఒక్కరూ తలవకపోవడం వింతగా ఉంది.

లైబ్రరీ తాతయ్య

నేను తలచాల్సింది. గిన్నెలకు మాట్లు వేసే వృత్తి ఆయనది. అనుమతి లేకుండా ప్రసంగించాడని 12 ఏళ్లు బెడ్‌ఫోర్డు జైల్లో పెట్టారు. 1678లో మొదటి భాగం వచ్చింది. కాలేజీ గడప తొక్కని మనిషి.

కోనసీమ కోడలు

అదే. వీపు మీద మూట, దాంతో బయలుదేరడం, ఊబిలో కూరుకుపోవడం, సిలువ దగ్గర మూట జారి పడిపోవడం, మాయాసంత, అనుమానపు కోటలో రాక్షసుడు. ఆరేళ్ల పిల్లలకు కూడా అర్థమవుతుంది. ఊబి అధ్యాయానికి లంక పొలాలకు మించిన రంగస్థలం ఏది? ఒక్కొక్కరికి ఒక్కో పాత్ర ఇచ్చి ఆడించండి. మా ఊళ్లో సెలవుల బైబిలు పాఠశాలలో ఒకసారి ఆడించారు. మూట మోసిన పిల్లవాడు సిలువ దగ్గర దాన్ని వదలనన్నాడు, ఎందుకంటే అందులో వాడి మధ్యాహ్నం డబ్బా ఉంది.

అసలు విషయం చివరి అధ్యాయం. పట్టణం కనిపిస్తుంటుంది, మధ్యలో నది. దాటడానికి వంతెన ఉండదు. నర్సాపురానికీ సఖినేటిపల్లికీ మధ్య వంతెన కోసం ఎన్ని తరాలుగా అడుగుతున్నామో అందరికీ తెలుసు. బన్యన్ నదికీ లేదు, మనకూ లేదు. పంటు మీద ఆ అధ్యాయం చదవాలి!

ముక్కుసూటి

అక్కా, ఆ అధ్యాయంలో క్రైస్తవుడు నదిలో మునిగిపోతుంటాడు. నీళ్లు తల మీదికి వస్తున్నాయని కేకలు వేస్తాడు. దాన్ని నడి గోదావరిలో, పంటు మీద, చంటిపిల్లల తల్లుల ముందు చదువుతారా? రేవులో ఉన్నవాళ్లు మీ టిక్కెట్లు వెనక్కి ఇచ్చేస్తారు.

కోనసీమ కోడలు

మునగడు గదా. పక్కనున్న మిత్రుడు పట్టుకుంటాడు, అడుగు తగులుతోంది, ధైర్యంగా ఉండు అంటాడు. అది వినడానికే కదా.

గౌతమి లాంచీ

వశిష్ఠలో రేవు దగ్గర అడుగు తగలదు. ఊరికే చెబుతున్నాను.

కడియం మొక్క

దిగాక చదవండి. అవతలి ఒడ్డున కూర్చుని, దాటిన నది వైపు చూస్తూ. కథ ప్రకారం కూడా అదే సరైన వైపు.

యానాం బస్సు

ఒక్క మాట. ఆ పుస్తకంలో మా పోపుగారిని కీళ్లు బిగుసుకుపోయిన ముసలి రాక్షసుడిగా పెట్టాడు బన్యన్. చదివే భాగం చూసి ఎంచుకోండి.

లైబ్రరీ తాతయ్య

ఉన్న మాటే. ఆ కాలపు కోపం అది, ఆ పేజీ దాటేసినా కథ చెడదు. ఇంకొకటి: 1684లో రెండో భాగం వచ్చింది. మొదటి భాగంలో భార్యాబిడ్డలను వదిలి ఒంటరిగా పోయినవాణ్ణి చూసి చాలామంది నొచ్చుకుంటారు. రెండో భాగంలో ఆ భార్యే పిల్లలను వెంటబెట్టుకుని అదే దారిన వెళుతుంది. మీ గుంపులో చంటిపిల్లల తల్లులు ఉన్నారన్నారు. వాళ్లకు రెండోదే నచ్చుతుందని నా అంచనా.

వశిష్ఠ గట్టు

తేలింది. పొద్దున అంతర్వేదిలో బన్యన్: ఊబి, మూట, నది, ఇంతవరకే. నది అధ్యాయం అవతలి ఒడ్డున. దిండిలో భోజనాలయ్యాక పెద్దవాళ్లు ‘హైడింగ్ ప్లేస్’లో పురుగుల అధ్యాయం. పిల్లలు ఆడుకోవచ్చు. స్క్రూటేప్ వచ్చే ఏడాదికి. తాతయ్యగారు నిజంగా వస్తానంటే జాషువా పద్యాలు లైట్‌హౌసు దగ్గర. ఆత్రేయపురం పూతరేకులు తెచ్చే బాధ్యత ఎవరైనా తీసుకుంటే బాగుండును, మా వైపు దొరికేవి మీకు నచ్చవు.

లైబ్రరీ తాతయ్య

వస్తాను. పూతరేకులు కూడా నావే. బెల్లంవా, పంచదారవా?

వశిష్ఠ గట్టు

బెల్లంవి.

ముక్కుసూటి

అన్నీ బాగున్నాయి. ప్రసంగం సంగతి తేల్చారా?

వశిష్ఠ గట్టు

పాస్టరుగారితో మాట్లాడాం. పావు గంట అన్నారు.

ముక్కుసూటి

మైకు ఉందా?

వశిష్ఠ గట్టు

మైకు ఊళ్లోనే వదిలేసి వెళ్తున్నాం. ఆయనకింకా చెప్పలేదు.